మూడో ఏడాది మా ఇంటికి రండి

తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి దనసరి అనసూయ సీతక్క గారికి,



బాల్కొండ నుంచి రాస్తున్నాను. ఆర్మూరు దాటి 44వ జాతీయ రహదారి మీద నిర్మల్ దిక్కు పోతుంటే శ్రీరాంసాగర్ రాకముందు వచ్చే ఊరు మాది. ఇరవై ఏళ్లకు పైగా మా పొదుపు సంఘం పుస్తకాలు రాశాను. అంతకుముందు, చిన్నతనంలో, అమ్మ పక్కన కూచుని బీడీలకు దారం కట్టాను. పేదవాళ్లకు స్వయం ఉపాధి కల్పిస్తామని సర్కార్లు మొదలుపెట్టిన పథకాలన్నీ ఈ రెండు చోట్ల నుంచే చూశాను. అక్కడ నాకు అర్థమైన ఒక్క సంగతి మీకు చెప్పుకోవాలని ఈ ఉత్తరం.

సర్కారు సాయం మా ఇంటికి మొదటిసారి బర్రె రూపంలో వచ్చింది.

1980 అక్టోబర్ 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకుల్లో అమలైన సమగ్ర గ్రామీణాభివృద్ధి కార్యక్రమం అది. కాగితాల మీద ఐఆర్‌డీపీ, మా వాడకట్టులో ‘సబ్సిడీ బర్రె’. చిన్న రైతులకు ధరలో నాలుగో వంతు, సన్నకారు రైతులకు, కూలీలకు, చేతివృత్తులవాళ్లకు మూడో వంతు, ఎస్సీ, ఎస్టీలకు సగం సబ్సిడీ. మిగతాది బ్యాంకు అప్పు. మాది కూలి ఇల్లు కాబట్టి మూడో వంతు వచ్చింది. బర్రెను కొన్న రోజు సంతలో పొదుగు నిండుగా కనబడింది. అమ్మేవాళ్లు ముందురోజు పాలు పిండకుండా తోలుకొచ్చారని ఇంటికి వచ్చాక తెలిసింది. అయినా అమ్మ దాని కొమ్ములకు పసుపు రాసి, బొట్టు పెట్టి కట్టేసింది. మా ఇంట్లో పాలు అమ్ముకునే రోజు వస్తుందని ఎవరం అనుకున్నాం?

వివరాలు రాసుకోవడానికి వచ్చిన అధికారిని అమ్మ ఒక్కటే అడిగింది. “సారూ, వానకాలం గడ్డి ఉంటది. ఎండకాలం ఎట్ల?” ఆయన చెడ్డవాడు కాదు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గరున్న కాగితంలో చోటు లేదు, అంతే.

బర్రె ఒక్కటే ఉంటే ఏడాది పొడుగునా పాలు ఉండవు. ఒట్టిపోయిన నెలల్లో కూడా మేత కావాలి, కిస్తీ కావాలి. అందుకే ఆరు నెలలకు రెండోది ఇస్తామన్నారు. రాలేదు. ఇంతలో మాకు తెలియకుండానే ఇంకో లెక్క నడుస్తోంది. బీడీ పని సంగతి మీకు తెలియనిది కాదు. తునికాకు నానబెట్టాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, కట్టలు పేర్చి కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలి. బాగా లేవని తీసి పారేసిన వాటికి కూలి ఉండదు. వెయ్యి బీడీలు చేయాలంటే పొద్దంతా చాట ముందు నుంచి లేవకూడదు. బర్రె వచ్చాక అమ్మ పొద్దున గడ్డికి, మధ్యాహ్నం నీళ్లకు, సాయంత్రం పాలకు లేవాల్సి వచ్చింది. వెయ్యి బీడీలు ఆరు వందలయ్యాయి. పాలల్లో వచ్చింది బీడీలల్లో పోయింది. నేను బడి మానేసిన రోజులు కూడా ఆ ఏడాదే ఎక్కువ.

రెండో వానకాలంలో బర్రె జబ్బుపడి చనిపోయింది. బీమా ఉంది. కానీ బీమా రావాలంటే చెవికి కొట్టిన బిళ్ల చూపించాలి. అది ఎప్పుడో కంచెకు తగిలి ఊడిపోయింది. బిళ్ల లేదు కాబట్టి డబ్బు లేదన్నారు. నోటీసులు మాత్రం వచ్చాయి. చివరికి 1990లో పదివేల దాకా గ్రామీణ అప్పులు మాఫీ చేసినప్పుడు మా అప్పు కూడా పోయింది. దాంతోపాటు మాకు బ్యాంకు గుమ్మమూ పోయింది. ఎగ్గొట్టినవాళ్ల పేర్లలో అమ్మ పేరు పడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరూ ఆమెకు రూపాయి అప్పు ఇవ్వలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథే అయితే మీకు రాసేదాన్ని కాదు. ఐఆర్‌డీపీ కింద దేశంలో 5 కోట్లకు పైగా కుటుంబాలకు సాయం అందింది. 1990ల మొదట్లో కేంద్రమే చేయించిన పరిశీలనలో, అప్పటి పేదరిక రేఖ దాటింది దాదాపు ఆరు కుటుంబాల్లో ఒక్కటేనని తేలింది. మిగతా అయిదు ఇళ్లలోనూ మా అమ్మలాంటి వాళ్లే ఉండి ఉంటారు. సోమరులు కారు, తాగుబోతులు కారు. పశువో మిషనో, సర్కారు మాటల్లో ‘యూనిట్’, అందిన రోజు ఫొటోలో ఉన్నారు, ఆ తర్వాత ఎవరి లెక్కలోనూ లేరు.

1999 ఏప్రిల్‌లో ఐఆర్‌డీపీ, యువతకు శిక్షణ ఇచ్చే ట్రైసెమ్, ఆడవాళ్ల సంఘాల డ్వాక్రా వగైరా పథకాలన్నిటినీ కలిపి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన చేశారు. ఈసారి సంఘాలకు పెద్దపీట వేశారు. అక్కడా సబ్సిడీ కోసమే సంఘాలు పుట్టడం, సబ్సిడీ అందగానే విడిపోవడం చాలాచోట్ల జరిగింది. 2009లో మన తెలుగు ఆర్థికవేత్త ఆర్. రాధాకృష్ణ గారి కమిటీ ఆ పథకంలో అప్పులు ఎందుకు సరిగా అందడం లేదో పరిశీలించి నివేదిక ఇచ్చింది. 2011లో దాని స్థానంలో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది. ఆ మిషన్‌కు చాలావరకు నమూనా మన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), మన గ్రామ సంఘాలు, మన మండల సమాఖ్యలే. దేశానికి దారి చూపిన ఆడవాళ్లు మనవాళ్లు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

మా సంఘం సంగతికి వస్తాను. రోజుకో రూపాయి చొప్పున నెలకు ముప్పై రూపాయల పొదుపుతో మొదలుపెట్టాం. మొదట్లో ఇచ్చిన అంతర్గత అప్పులు అయిదు వందలు, వెయ్యి. పిల్లకు జ్వరం, కిరాణా బాకీ, బడి ఫీజు, ఇట్లాంటివే కారణాలు. తీర్మానం పుస్తకంలో అవన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆ పుస్తకాలు ఇప్పుడు తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మాలో నిలదొక్కుకున్నవాళ్లు ఒకేసారి పెద్ద మొత్తం అందుకున్నవాళ్లు కారు. చిన్న మొత్తం తీసుకుని, కట్టి, మళ్లీ తీసుకుని, మళ్లీ కట్టినవాళ్లు. ఒకామె పేరు మీద పదిహేనేళ్లలో పద్దెనిమిది అప్పులున్నాయి. మొదటిది కుట్టుమిషన్ రిపేరుకు. తర్వాత జాకెట్ గుడ్డకు. ఆ తర్వాత ఒక ఏడాది భర్త ఆసుపత్రి ఖర్చుకు. అంటే ఆ ఏడాది వ్యాపారం వెనక్కి పోయింది. కానీ సంఘం ఆమెను ఎగవేతదారు అనలేదు. కిస్తీ సగం చేసింది, ఏడాది తిరక్కుండానే మళ్లీ అప్పు ఇచ్చింది. ఇప్పుడు ఆమె దగ్గర ముగ్గురు పని చేస్తున్నారు. మా అమ్మకూ ఈమెకూ తేడా తెలివిలో లేదు, కష్టంలో లేదు. ఈమెకు దెబ్బ తగిలిన ఏడాది పక్కన ఎవరో ఉన్నారు. అమ్మకు లేరు.

ఈ మాట పుస్తకాలు చదివినవాళ్లు కూడా చెబుతున్నారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 2002లో అతి పేద ఆడవాళ్ల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టింది. పశువో మేకలో ఇవ్వడమే కాకుండా, అవి అక్కరకు వచ్చేదాకా తిండి ఖర్చుకు కొంత డబ్బు, పనిలో శిక్షణ, పొదుపు అలవాటు, క్రమం తప్పకుండా ఇంటికి వచ్చి చూసుకునే మనిషి, ఇవన్నీ కలిపి ఇచ్చారు. పశ్చిమ బెంగాల్‌లో బంధన్ సంస్థ అదే పద్ధతి చేస్తే, 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో గార్లు పదేళ్ల తర్వాత కూడా ఆ కుటుంబాలను వెతికి చూశారు. ఆదాయం పెరిగింది, పెరిగినది నిలిచింది.

అదే పద్ధతిని మన మెదక్ జిల్లాలోనూ చేశారు. దాన్ని జొనాథన్ మోర్డక్, శామిక రవి, జొనాథన్ బౌచెట్ పరిశీలించారు. ఇక్కడ మొత్తం మీద ఆదాయం పెరగలేదు. పశువుల మీద ఆదాయం వచ్చిన మాట నిజమే, కానీ పశువుల వెంట ఉండటం వల్ల అంతకు సమానంగా కూలి పోయింది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు మా ఇంటి చాట, చాట పక్కన తగ్గిపోయిన బీడీ కట్టలు కళ్లముందు కదిలాయి. పేద ఆడమనిషి పొద్దు ఖాళీగా ఉంటుందని, దాంట్లో ఒక యూనిట్ పెడితే సరిపోతుందని మనం అనుకుంటున్నాం. ఆమె పొద్దు ముందే నిండి ఉంది. దాంట్లోకి కొత్త పని రావాలంటే పాత పని ఏదో పోవాలి. ఏది పోతుందో, ఎంత పోతుందో ఇచ్చేముందు ఎవరు అడుగుతున్నారు?

ఇరవై ఏళ్లలో మన దగ్గర వచ్చిన పథకాలన్నీ తక్కువవి అనను. 2010లో మైక్రోఫైనాన్స్ వడ్డీలకు, వసూళ్ల ఒత్తిడికి ఇళ్లు కూలిపోతుంటే ఆ అక్టోబర్‌లో వాటిని కట్టడి చేసే ఆర్డినెన్స్ వచ్చింది. ఆ మరుసటి ఏడాది సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి వచ్చింది, 48 గంటల్లో అప్పు అందాలన్న నియమంతో. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాల్సిన ఇంటికి ఆ నియమం విలువ తెలుసు. 2012 నుంచి వడ్డీ లేని రుణాలు అన్నారు. అయితే వడ్డీ ముందు మేమే కట్టాలి, తర్వాత సర్కారు తిరిగి ఇస్తుంది. ఆ తిరిగి ఇవ్వడం ఏళ్ల తరబడి ఆగిపోయింది. మీ ప్రభుత్వం వచ్చాక విడుదలలు మొదలయ్యాయి. అందుకు కృతజ్ఞతలు. ఇక మీదట అది ఏ నెలకానెల జరగాలి.

2017 జూన్ 20న కొండపాకలో గొర్రెల పంపిణీ మొదలైంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, యూనిట్ ధర లక్షా పాతికవేలు, లబ్ధిదారు వాటా 31,250 రూపాయలు. గొల్లకుర్మలు తరతరాలుగా చేస్తున్న పనికే సాయం కాబట్టి పథకం ఆలోచన మంచిదే. కానీ ఎంత తొందరగా ఎన్ని యూనిట్లు గ్రౌండింగ్ చేశామన్న పోటీలో, అమ్మిన గొర్రెలనే మళ్లీ కొన్నట్టు చూపించారన్న ఆరోపణలు వచ్చి, సంగతి అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) దాకా పోయింది. రెండో విడతకు 43,750 రూపాయల చొప్పున డీడీలు కట్టినవాళ్లు వడ్డీకి తెచ్చి కట్టి ఎదురుచూశారు. 2021లో వచ్చిన దళితబంధు ఒక్కో దళిత కుటుంబానికి పది లక్షలు ఇచ్చింది, బ్యాంకు అప్పుతో పని లేకుండా. పేదవాడికి పెద్ద మొత్తం ఇవ్వడానికి భయపడని పథకం అది. కానీ ఒక్క ఊళ్లో చాలామంది కార్లో ట్రాక్టర్లో తీసుకుంటే అందరికీ కిరాయి ఎక్కడ దొరుకుతుంది?

ఇక 2025 మార్చిలో యువతకు స్వయం ఉపాధి కోసం రాజీవ్ యువ వికాసం. అది పూర్తిగా మీ శాఖది కాదని తెలుసు. నాలుగు లక్షల దాకా యూనిట్లకు 16 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. జూన్ 2న మంజూరు పత్రాలు అన్నారు, ఆ తేదీ వాయిదా పడింది. ఇంతమంది ఎందుకు పెట్టుకున్నారో బాల్కొండలో నిలబడి చూస్తే అర్థమవుతుంది. బోధన్‌లో చక్కెర కార్ఖానా 2015 డిసెంబర్‌లో మూతపడింది. బీడీ పని ఏటేటా తగ్గుతోంది. మిగిలిన దారి దుబాయ్, మస్కట్. నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వీసా కొనని ఇళ్లు మా వాడకట్టులో తక్కువ. స్వయం ఉపాధి పేరుతో తీసుకున్న అప్పు వీసాకు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అట్లా చేసినవాళ్లను నేను తప్పుపట్టలేను. ఇక్కడి యూనిట్ మూడో ఏడాది ఉంటుందన్న నమ్మకం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

నమ్మకం ఎట్లా వస్తుందో కూడా మా జిల్లాలోనే ఉంది. ఆర్మూరు దగ్గర అంకాపూర్ చూడండి. నాటుకోడి కూర కోసం దూరదూరం నుంచి బండ్ల మీద వస్తారు. ముందుగా ఫోన్ చేసి చెబితే కోడి కోసి, వండి, అన్నంతో కలిపి ఇస్తారు. ఎన్నో ఇళ్లు దాని మీద బతుకుతున్నాయి. అంతకంటే ముందే ఆ ఊరికి కూరగాయలు, మొక్కజొన్న, విత్తనాల కోసం వ్యాపారులు రావడం అలవాటైంది. కొనేవాడు ముందు వచ్చాడు, పని తర్వాత వచ్చింది. మీ శాఖ ఈ మధ్య చేసిన వాటిల్లో నాకు ఎక్కువ ఆశ కలిగించినవీ ఇట్లాంటివే. బడి పిల్లల యూనిఫారాలు సంఘాల చేత కుట్టిస్తున్నారు, కుట్టుకూలి పెంచారు. 2025 మార్చి 8న మండల సమాఖ్యల బస్సులు మొదలయ్యాయి, ఆర్టీసీ నెలనెలా అద్దె ఇస్తుంది. సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాలు ఎప్పటి నుంచో నడుస్తున్నాయి. వీటన్నిటిలో కొనేవాళ్లు ఎవరో ముందే తెలుసు. ఆ ఒక్క కారణంగా ఇవి నిలుస్తున్నాయి.

2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. దానికోసం మా రైతులు ఎన్నేళ్లు అడిగారో, 2019 ఎన్నికల్లో ఎంతమంది నామినేషన్లు వేశారో దేశమంతా చూసింది. తొమ్మిది నెలలు పెంచిన పసుపును ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కొమ్ములు ఏరడం దగ్గర ఎక్కువ కనబడేది ఆడకూలీలే. ఆ కొమ్ములు పొడిగా మారి ప్యాకెట్లోకి పోయే దగ్గర మాత్రం మేము ఉండం. బర్రెలు, కుట్టుమిషన్లు ఊరూరా పంచే బదులు, మా మండలాల సమాఖ్యలకు ఈ పొడి, ప్యాకెట్ల పని ఇప్పించి, కొనేవాళ్లను ముందే కుదిరిస్తే ఎట్లుంటుందో మీరు ఆలోచించాలి.

మంత్రి గారూ, నేను అడిగేవి నాలుగు.

మొదటిది, యూనిట్ ఇచ్చేముందు ఆ ఇంటి పొద్దు అడగండి. ఏ గంటలో ఎవరు ఏం పని చేస్తున్నారు, కొత్త పని వస్తే ఏది ఆగిపోతుంది, దాని కూలి ఎంత. సంఘంలో సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడే ఈ రెండు మూడు ప్రశ్నలు చేరిస్తే ఖర్చు కూడా ఉండదు.

రెండోది, సాయాన్ని ఒకే రోజు ఇచ్చి చేతులు దులుపుకోకండి. సగం ఇప్పుడు, మిగతాది ఏడాదికి, రెండేళ్లకు, పని నడుస్తున్న తీరు చూసి, సంఘం ద్వారా. వ్యాపారం దెబ్బతిన్న ఏడాది రెండో అప్పు అడిగే హక్కు ఉండాలి. ఎగవేతదారు అని పేరు రాసేముందు ఏం జరిగిందో అడిగే మనిషి ఉండాలి.

మూడోది, బీమా. పశువు చనిపోతే ఊళ్లో పదిమందికి తెలుస్తుంది. పశువైద్యుడి మాట, గ్రామ సంఘం తీర్మానం ఉంటే చాలని నియమం పెట్టించండి. ఊడిపోయిన బిళ్ల ఒక ఇంటి అప్పుగా మారకూడదు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, దానికి 2009లో ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసి దేశానికి చూపించింది మన తెలుగు నేల. పనికి పోనివాళ్ల పేర్లు మస్టర్‌లో ఉంటే గ్రామసభలో అందరి ముందు చదివి బయటపెట్టారు. అదే తనిఖీ స్వయం ఉపాధి యూనిట్లకూ పెట్టండి. అయితే ఇచ్చిన నెలలో కాదు, మూడో ఏడాదిలో. ఎవరికి ఏమిచ్చారు, అది ఉందా, లేకపోతే ఏమైంది, ఆ ఇంటి అప్పు తగ్గిందా పెరిగిందా, ఊరందరి ముందు చదవండి. లబ్ధిదారును దోషిగా నిలబెట్టడానికి కాదు. పథకం ఎక్కడ చెయ్యి వదిలేసిందో తెలుసుకోవడానికి. అధికారుల పనితీరును కూడా గ్రౌండింగ్ సంఖ్యతో కొలవకుండా ఆ మూడో ఏడాది లెక్కతో కొలిస్తే, మొదటి రోజు నుంచే వాళ్లు అడిగే ప్రశ్నలు మారిపోతాయి.

కోటిమంది ఆడవాళ్లను కోటీశ్వరులను చేస్తామని మీ ప్రభుత్వం మాట ఇచ్చింది. అంత పెద్ద మాటను నేను తూకం వేయబోవడం లేదు. ఒక్క ఇంట్లో మూడో ఏడాది కూడా పొయ్యి మీద పాలు ఉండటం ఎంత పెద్ద సంగతో మాకు తెలుసు. అక్కడి నుంచి మొదలుపెట్టమని అడుగుతున్నాను.

అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. నెలనెలా వచ్చే పింఛను డబ్బులు చీరకొంగుకు ముడేసుకుంటుంది. మొన్న ఆమె మనవడు పాల డెయిరీ యూనిట్ కోసం దరఖాస్తు పెట్టుకున్నానని సంబరంగా చెప్పాడు. అమ్మ కాసేపు వాడి ముఖం చూసి, నలభై ఏళ్ల కింద ఆ అధికారిని అడిగిన మాటే అడిగింది.

“మంచిదే బిడ్డా. ఎండకాలం ఎట్ల?”

వాడు తెచ్చుకున్న దరఖాస్తు నేను పూర్తిగా చదివాను. పేరు, కులం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా అన్నీ అడిగారు. ఈ ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ చోటు లేదు. దయచేసి ఆ ఒక్క గడి పెట్టించండి. దానికి జవాబు మేము, మీరు కలిసి రాద్దాం.

ఇట్లు,
బాల్కొండ నుంచి ఒక మహిళా సంఘం సభ్యురాలు